నాలుగో వేలు

నవంబర్ 2, శనివారం

రేపు తెల్లవారకముందే మొదలు.

పన్నెండేళ్లుగా అమీర్‌పేటలో ఆ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో వాయిస్తున్నాం. మెట్లెక్కుతుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు చేతిలో జావా కోర్సు కాగితం పెడతారు, భుజాన వయొలిన్ పెట్టె కనిపిస్తున్నా సరే. అలాంటి మా పదమూడు మందికి ఇది మొదటి రికార్డింగ్. పంజాగుట్టలో ఒక స్కూలు వాళ్ల పాత హాలు దొరికింది. ఎత్తయిన కప్పు, చెక్క నేల. చప్పట్లు కొడితే ఆ చప్పుడు పైకి పోయి, తొందర లేనట్టు మెల్లగా దిగుతుంది. క్రిస్మస్ దాకా ఆదివారాలు మాత్రమే ఇస్తామన్నారు. ఆ తర్వాత కప్పు విప్పి మరమ్మతు చేస్తారట. మళ్లీ అలాంటి ధ్వని ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

రెండు కన్‌చెర్టోలు. ఒకటి ఇటలీ పాదిరి ఒకాయన రాసింది: నా వయొలిన్ ముందు, మిగతా అందరూ చుట్టూ. రెండోది జర్మనీ పెద్దాయనది, ఇద్దరు వయొలిన్ల మీద నడుస్తుంది. అందులో మొదటి వయొలిన్ నేను, రెండోది సుష్మిత. ఎనిమిదేళ్ల పిల్లగా నా దగ్గరికి వచ్చింది, రెండు జడలతో, ముక్కు తుడుచుకుంటూ. ఇప్పుడు ఇరవై మూడు.

అన్నం దగ్గర అత్తమ్మ అడిగింది: "గా పాదిరాయన ఉన్నడా, పోయిండా?"

"మూడొందల ఏండ్లాయె అత్తమ్మా పోయి."

"మరి నీకెందుకే గింత తొందర? కూసోని సక్కగ తిను."

నవంబర్ 3, ఆదివారం

అందరూ వేళకే వచ్చారు. ఫ్లైఓవర్ మీద రద్దీ మొదలయ్యేలోపు ఎంత తీయగలిగితే అంత. రికార్డింగ్ పని నర్సన్నది. పూర్తి పేరు రాజనర్సయ్య. నలభై ఏళ్లు స్టూడియోల్లో పాటలు రికార్డు చేసి రిటైరయ్యాడు. "ఇంట్ల కూసుంటే చెవులు తుప్పు వడ్తయమ్మా" అని మా కోసం వచ్చాడు. పక్క క్లాసురూములో పిల్లల బెంచీల మీద తన సామాను పరుచుకుని కూర్చుంటాడు. హాల్లో ఎర్ర బల్బు వెలిగిందంటే ఎవరూ దగ్గకూడదు.

మొదటి టేకులో వెనక వీధి అయ్యప్ప స్వాముల భజన పడింది. రెండోదాంట్లో ఎవరింటిదో కుక్కర్ కూత. మూడోదాంట్లో బుచ్చిబాబు తుమ్మాడు. పెద్ద వయొలిన్ లాంటి చెల్లోను మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించేది ఆయనే. రాజమండ్రి మనిషి, బ్యాంకు ఉద్యోగం. తుమ్మిన మరుక్షణం చెల్లో పట్టుకుని లేచి నిలబడి, "నాదే తప్పండీ, నన్ను బయటికి పంపించేయండి" అన్నాడు. అందరం నవ్వి నవ్వి, మళ్లీ శ్రుతి చేసుకోవలసి వచ్చింది.

పాదిరి కన్‌చెర్టోలో మొదటి రెండు భాగాలు పూర్తయ్యాయి. వేగంగా సాగే చివరి భాగం కాలేదు. మెట్లెక్కినట్టు పైకి పోయే స్వరాల వరుసలో నా నాలుగో వేలు తప్పింది. నాలుగో వేలంటే ఎడమచేతి చిటికెన వేలు. మా లెక్కలో బొటనవేలు ఉండదు. మళ్లీ తీశాం, మళ్లీ తప్పింది.

చలి. ఈ ఏడు చలి ముందే వచ్చింది.

నవంబర్ 5, మంగళవారం

కొత్త తీగలు వేశాను. పాతవి మొద్దుబారాయి. అదే అయివుంటుంది.

నవంబర్ 7, గురువారం

తలుపు వేసుకుని, వయొలిన్ గొంతు తగ్గించే రబ్బరు బిళ్ల పెట్టుకుని సాధన చేశాను. అత్తమ్మ మధ్యాహ్నం నిద్ర చెడగొట్టడం ఎందుకని.

అత్తమ్మ మధ్యాహ్నం ఎన్నడూ నిద్రపోదు.

నవంబర్ 10, ఆదివారం

ఇవాళ జర్మనీ పెద్దాయనది. మొదటి భాగం. మూడుసార్లు నేనే ఆపాను.

"సుష్మితా, పై స్వరం కిందికి జారుతుంది."

"సారీ మేడమ్."

మళ్లీ మొదలు. మళ్లీ ఆపాను. మూడోసారి ఆపినప్పుడు సుష్మిత వయొలిన్ కిందికి దించి, చెవిలో నీళ్లు పోయినట్టు తల ఓ పక్కకు వంచి రెండుసార్లు విదిలించింది. తర్వాత నా వైపు చూసి, "రెడీ మేడమ్" అంది.

చాయ్ దగ్గర బుచ్చిబాబు నా పక్కకు వచ్చాడు. "ఏమనుకోకండి మేడం గారూ, నాకు ఆ పిల్లది బాగానే వినపడిందండీ. అయినా నాది చెల్లో చెవి లెండి, ఎప్పుడూ కింద స్వరాల్లోనే తిరుగుతూ ఉంటుంది."

"మీరు దూరంగా కూర్చున్నారు, మీకు తెలియదు" అన్నాను.

ఆయన కుర్చీ నా కుర్చీకి మూరెడు దూరంలో ఉంటుంది.

నవంబర్ 12, మంగళవారం

అమీర్‌పేటలో రిహార్సల్. సుష్మిత అందరికంటే ముందే వచ్చి గోడ వైపు తిరిగి ఒకటే స్వరం సాగదీసి సాగదీసి వాయించుకుంటోంది. వెళ్లి భుజం తట్టాలనుకున్నాను. వెళ్లలేదు. శ్రుతి మీద ఇంత శ్రద్ధ ఉంటే మంచిదే కదా.

నవంబర్ 14, గురువారం

ఇవాళ వేలు బాగుంది. చివరి భాగమంతా ఒక్క తప్పు లేకుండా వచ్చింది. అనుకున్నట్టే అంతా చలి వల్ల.

చాలా నెమ్మదిగా వాయించాను, అది వేరే సంగతి.

నవంబర్ 17, ఆదివారం

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మళ్లీ ఆ మొదటి భాగమే. మళ్లీ అదే చోట శ్రుతి తప్పింది. నేను విల్లు కిందికి దించి, అందరి ముందు అన్నాను: "నువ్వు ఇంట్ల ప్రాక్టీస్ చేస్తున్నవా, లేకపోతే ఫోన్ పట్కొని కూసుంటున్నవా?"

సుష్మిత వయొలిన్ దించింది. విల్లు మర తిప్పి వెంట్రుకలు వదులు చేసింది. విల్లుకు రాసే రోజనం పొడి తీగల మీద రాలితే తుడిచింది. వయొలిన్‌ను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, కొక్కెం చప్పుడు కాకుండా నొక్కింది. ఎంత కోపంలో ఉన్నా విల్లు వదులు చేయకుండా పెట్టె మూయకూడదని దానికి నేనే నేర్పాను.

"నమస్తే మేడమ్" అని వెళ్లిపోయింది.

నర్సన్న తలుపు దగ్గరికి వచ్చాడు. "అందరు పొయ్యి చాయ్ తాగి రాండ్రి. నిరోషమ్మా, నువ్వు జర ఇటు రా."

క్లాసురూములో చిన్నపిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు నా తలకు పెట్టాడు. మా ఇద్దరి దగ్గరా వేరు వేరు మైకులు ఉన్నాయి.

"ముందుగాల గా పిల్లది విను."

విన్నాను. కడిగిన గిన్నెలా ఉంది. ఒక్క స్వరం జారలేదు.

"ఇగ ఇది నీది."

ఆయన మీట జరిపి, లేచి కిటికీ దగ్గరికి పోయి బయట చూస్తూ నిలబడ్డాడు. పై స్వరాల దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ నాలుగో వేలు ఆలస్యంగా పడుతోంది, పడినా కిందుగా పడుతోంది. రెండుచోట్ల అసలు పడనే లేదు. అది నా వాయింపు కాదని చెప్పాలనిపించింది.

హెడ్‌ఫోన్లు తీసి బెంచీ మీద పెట్టాను.

"నాకు సుత పైస్వరాలు ఇనవడయి బిడ్డా" అన్నాడు నర్సన్న కిటికీ వైపే చూస్తూ. "రెండేండ్లాయె. కంప్యూటర్ల గీతలు జూసి సమజ్ జేసుకుంట. ఇంట్ల చెప్పనీకెనే నాకు ఏడాది వట్టింది. నువ్వు గంత దూరం వోకు."

నవంబర్ 18, సోమవారం

భాను మధ్యాహ్నం షాపు సగం షట్టర్ దించి పైకి వచ్చాడు. యూసుఫ్‌గూడలో మా ఇల్లు పైన, అతని టైలరింగ్ షాపు కింద. పెళ్లయినప్పటి నుంచీ అతని మిషన్ చప్పుడు పైకి, నా వయొలిన్ చప్పుడు కిందికి.

"ఏమైంది నీకు?" అన్నాడు.

"ఏం లేదు."

"నీ పాట నాకు తెల్వదు నిరోషా. నువ్వు ఆగే జాగలు తెలుసు. దసరా సంది కొత్త జాగల ఆగుతున్నవ్."

చెయ్యి చూపించాను. వయొలిన్ పట్టి చూపించాను. మిగతా మూడు వేళ్లూ తీగ మీద నిలబడి ఉంటే, నాలుగోది దానంతట అదే ముడుచుకుని అరచేతిలోకి పోయింది. నొప్పి లేదు. వయొలిన్ కింద పెడితే మామూలే. పిండి పిసుకుతుంది, బటన్ పెడుతుంది, ఫోన్ నొక్కుతుంది.

భాను ఆ వేలిని పట్టుకుని, బట్ట ఎలాంటిదో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "దవఖానకు పోదాం. ఎల్లుండి."

"దసరా సంది కాదు, ఆగస్టు సంది" అన్నాను.

ఈ మాట ఇంతవరకూ ఇందులో కూడా రాయలేదు.

నేను ఏడవలేదు. సాయంత్రం అత్తమ్మ మాత్రం, నా చెంపకు టైలరు సుద్ద ఎట్లా అంటిందని అడిగింది.

నవంబర్ 20, బుధవారం

పంజాగుట్టలో దవాఖాన. వయొలిన్ తెమ్మన్నారు. గదిలో వాయించమన్నారు. వాయిస్తుంటే బయట బెంచీల మీద ఉన్నవాళ్లు తలుపు సందులోంచి తొంగి చూశారు. సెలైన్ సీసా పట్టుకున్న ఒకాయన లోపలికే వచ్చేసి, నర్సు చేయి పట్టి తీసుకుపోయేదాకా విన్నాడు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "వేలు బాగానే ఉందమ్మా. నరం కూడా బాగానే ఉంది. మెదడు నుంచి వేలికి వెళ్లే కబురు తప్పుగా వెళుతోంది, అదీ వయొలిన్ పట్టినప్పుడే. ఏళ్ల తరబడి ఒకే పని చేసే చేతులకు ఒక్కోసారి వస్తుంది." దాని పేరు డిస్టోనియా.

"ఆరామైతదా మేడమ్?" అని భాను అడిగాడు.

"కొందరికి కొంత తగ్గుతుంది. నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. నేను మాట ఇవ్వలేను. ముందు ఆ వేలిని బలవంతపెట్టడం ఆపాలి."

మెట్రోలో వచ్చాం. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు జనం తోసుకుంటుంటే, భాను నా వయొలిన్ పెట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకు పెట్టుకున్నాడు. పక్కనతను "గిటారా భాయ్?" అన్నాడు.

"వయొలిన్. మా ఆమెది" అన్నాడు భాను. "రికార్డింగ్ నడుస్తుంది."

నడవడం లేదని అతనికీ తెలుసు.

నవంబర్ 21, గురువారం

వాయించలేదు.

నవంబర్ 22, శుక్రవారం

వాయించలేదు.

పొద్దుగూకాక అత్తమ్మ నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి తెచ్చింది. నూనెతో పోయేది కాదని భాను చెప్పాడు. "నూనె పెడితే ఏం పోతది?" అని నా చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. సిరిసిల్లలో సాంచాల కోసం, అంటే మరమగ్గాల కోసం, ఏళ్లపాటు నూలు కండెలు చుట్టిన చేతులు ఆమెవి. ఎంత గట్టివో అంత మెత్తగా పట్టుకుంటాయి.

"తిట్టినవా దీన్ని?" అంది వేలిని రుద్దుతూ.

"మస్తు తిట్టిన."

"తిడితే ఇనదే. మొండికేసినోళ్లను జర పక్కకు కూసోవెట్టాలె. మిగిలినోళ్లతోని పని నడిపియ్యాలె. ఆళ్లకు రావాలనిపిస్తే అచ్చి కూసుంటరు."

నేను నవ్వాను. చాలా రోజులకు. అత్తమ్మ నా వేళ్లు ఒక్కొక్కటే లాగి మెటికలు విరిచింది. నాలుగోది మాత్రం లాగలేదు, ఊరికే పట్టుకుంది.

నవంబర్ 23, శనివారం

సనత్‌నగర్ వెళ్లాను. సుష్మిత వాళ్ల నాన్న ఓదెలు అక్కడ లేత్ వర్క్‌షాపులో పనిచేస్తాడు. వెనక సందులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది వాళ్లమ్మ పోచమ్మ.

"అయ్యో, మేడమ్ అచ్చింది! సుష్మితా!"

లోపలి గదిలోంచి ఒకే స్వరం. ఆగింది. మళ్లీ అదే స్వరం. సుష్మిత బయటికి రాలేదు. పోచమ్మ నన్ను కూర్చోబెట్టి, వేడి వేడి సర్వపిండి పళ్లెంలో పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. "పొద్దు మాపు గదే మేడమ్. ఒక్కటే కూత. సెల్లుల ముల్లు జూస్తది, మల్ల కూత పెడ్తది. అన్నం తింటలేదు."

నేనే లేచి గదిలోకి వెళ్లాను. మంచం మీద ఫోన్ పెట్టుకుంది. దాంట్లో శ్రుతి చూపించే ముల్లు నిటారుగా నిలబడి ఉంది. ఎంత నిటారుగా అంటే, చూడలేకపోయాను.

"తప్పు నీది కాదు" అన్నాను. "నాది. నా ఏలు పనిచేస్తలేదు. ఆగస్టు సంది."

సుష్మిత నా మొహంలోకి చూసింది. నేను దాని వయొలిన్ తీసుకుని పట్టి చూపించాను. వేలు ముడుచుకుపోయింది.

జాలి పడుతుందనుకున్నాను. పడలేదు.

"మరి నన్నెందుకు అన్నరు?" అంది. "నా చెవులు ఖరాబైనయనుకున్న మేడమ్. నిద్రపట్టలే. చెవుల డాక్టర్ తాన పోదామని అమ్మను అడిగిన. పదిహేనేండ్ల సంది మీరు తప్పంటే తప్పు, ఒప్పంటే ఒప్పు. మీరు నా శ్రుతి పోయిందంటే, ముల్లు మంచిగ చూపిస్తున్నా నేను మిమ్మల్నే నమ్మిన. ముల్లును నమ్మలే."

వయొలిన్ దాని చేతికి తిరిగి ఇచ్చాను.

"నీది ఒక్క స్వరం సుత తప్పు పోలేదు" అన్నాను.

"మల్ల అనుండ్రి."

"ఒక్క స్వరం సుత తప్పు పోలేదు."

"అందరి ముందల అనాలె."

"అంటా. రేపే అంటా."

అప్పుడు ఏడ్చింది. పోచమ్మ గుమ్మంలోంచి చూసి, ఏమీ అడగకుండా, ఇంకో పళ్లెం తెచ్చి మంచం మీద పెట్టింది. ఇద్దరం తిన్నాం. తింటూనే అడిగాను. పాదిరిది చివరి భాగం, పెద్దాయన దాంట్లో మొదటి వయొలిన్, రెండూ నువ్వు వాయించాలని. రెండూ దానికి కంఠతా వచ్చని నాకు తెలుసు. నా పక్కన నిలబడి ఎన్నిసార్లు విందో.

"మీ జాగల నేనెట్ల నిలబడ్త?"

"నువ్వు నిలబడకుంటే ఆ జాగ ఖాళీగుంటది. ఆ తర్వాత హాలు సుత ఉండదు."

"మరి రెండో వయొలిన్?"

"ఎవరినన్న చూస్తా."

సుష్మిత చేయి తుడుచుకుంది. "గట్లయితే నేను రాను. రెండోది మీరు వాయిస్తనంటేనే వస్త."

"ఎట్ల వాయించాలె? మూడు వేళ్లతోనా?"

"మూడున్నయి కద మేడమ్" అంది.

నవంబర్ 24, ఆదివారం

రికార్డింగ్ పెట్టుకోలేదు. అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. వేలి సంగతి ముందు, సుష్మిత సంగతి తర్వాత. "ఆ పిల్ల శ్రుతిలో ఉంది. లేనిది నేను. అందరి ముందు అనరాని మాట అన్నాను, అందరి ముందే వెనక్కి తీసుకుంటున్నాను."

సుష్మిత తల దించుకుని విల్లు మర తిప్పుకుంటూ కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి.

బుచ్చిబాబు సంచిలోంచి కాజాల డబ్బా తీసి ఒక్కొక్కరి ముందుకూ పట్టుకెళ్లాడు. నా దగ్గర ఆగి, "రెండు తీసుకోండి మేడం గారూ" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. తుమ్ము వల్ల అన్నాడు. తుమ్మలేదు.

నవంబర్ 26, మంగళవారం

రెండో వయొలిన్ భాగమంతా మళ్లీ మొదటి నుంచి. ఏ స్వరానికి ఏ వేలు అన్నది నలభై ఏళ్లు దాటిన మనిషి చేతికి కొత్తగా నేర్పడం అంటే, అన్నం ఎడమచేత్తో తినమన్నట్టుంది. నాలుగో వేలు పడవలసిన చోటికి మూడో వేలిని సాగదీయాలి. లేదా చెయ్యి మొత్తం పైకి జరపాలి. లేదా పక్క తీగను వేలు పెట్టకుండా ఖాళీగా మోగించాలి. పిల్లలు ఖాళీ తీగ మోగిస్తే వద్దనేదాన్ని, బోసిగా ఉంటుందని. ఇవాళ మోగిస్తే బాగానే ఉంది. కిటికీ తెరిచినట్టుంది.

తలుపు కూడా తెరిచే వాయించాను. కింద మిషన్ చప్పుడు ఆగి, ఆగి, మళ్లీ నడిచింది.

నవంబర్ 28, గురువారం

ఎవరూ లేనప్పుడు నాలుగో వేలితో ఒకసారి ప్రయత్నించాను. రాలేదు. ఎవరికీ చెప్పలేదు.

నవంబర్ 29, శుక్రవారం

భానుకు చెప్పాను. "రేపటి సంది చెయ్యకు" అన్నాడు. కాసేపు ఆగి, "చేసినా నాకు చెప్పు" అన్నాడు.

డిసెంబర్ 1, ఆదివారం

పాదిరిది చివరి భాగం. సుష్మిత ముందు నిలబడింది. నేను వెనక వరసలో, అందరితో పాటు, మూడు వేళ్లతో.

అసూయ కలిగింది. కలగలేదని రాద్దామనుకున్నాను.

మెట్లెక్కే ఆ వరుస దగ్గరకు వస్తుంటే నా చిటికెన వేలు దానంతట అదే బిగుసుకుంది, వాయించేది నేను కాకపోయినా. సుష్మిత ఆ వరుసను ఎక్కలేదు, పరిగెత్తింది. పైకి చేరాక, నేను ఎప్పుడూ నేరుగా దాటిపోయే చోట ఒక చిన్న గమకం వేసింది. పన్నెండేళ్ల వయసులోనూ ఆ గమకం వేసేది. పాదిరి రాయలేదు, వద్దు అని నేను పెన్సిల్‌తో కొట్టేశాను. ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో.

టేక్ అయ్యాక భయంగా నా వైపు చూసింది. "అది తీసేయాలా మేడమ్?"

"తీస్తే ఊరుకోను" అన్నాను.

నర్సన్న తలుపులోంచి తల బయటపెట్టాడు. "గీతలు మస్తు సక్కగున్నయి బిడ్డా. నాకు ఇనవడ్డకాడికి సుత మస్తుంది."

ఇంటికి వచ్చేదాకా అసూయ ఉంది. అన్నం తినేటప్పుడు అత్తమ్మ "ఎట్లయింది పొల్లది?" అని అడిగితే, ఆ గమకం నోటితో పాడి వినిపించాను. రెండుసార్లు. మూడోసారి పాడుతుంటే, నా గొంతులో ఉన్నది అసూయ కాదని తెలిసింది.

డిసెంబర్ 4, బుధవారం

సుష్మిత రోజూ సనత్‌నగర్ నుంచి వచ్చి పోతోంది. మా ఇద్దరి వంతులూ కుదరడం లేదు. పదిహేనేళ్లు నేను ముందు నడిచాను, అది వెనక వచ్చింది. ఇప్పుడు అది ముందుకు పోవలసిన చోట ఆగి నా కోసం చూస్తోంది. నేను ఆగవలసిన చోట పోతున్నాను.

"నన్ను చూడకు" అన్నాను.

"మీరు నా మీదికి ఎక్కకుండ్రి" అంది.

అత్తమ్మ వంటింట్లోంచి, "మంచిగ చెప్పింది" అంది.

డిసెంబర్ 8, ఆదివారం

ఇవాళే ఆఖరు. పెద్దాయన దాంట్లో వేగంగా సాగే రెండు భాగాలూ ముందు తీసేశాం. శుభ్రంగా వచ్చాయి. నావి రెండుచోట్ల గరుకుగా ఉన్నాయి, ఉండనిమ్మన్నాను. నెమ్మదిగా సాగే నడిమి భాగం మిగిలింది.

అత్తమ్మ, భాను కూడా వచ్చారు. అత్తమ్మ శాలువా చెవుల దాకా చుట్టుకుని గోడ పక్కన కూర్చుంది. దగ్గొస్తే శాలువా నోట్లో కుక్కుకోవాలని భాను దారి పొడుగునా చెప్పాడట. కిటికీల్లోంచి వెలుతురు అప్పుడే చెక్క నేల మీదికి దిగుతోంది.

ఈ భాగంలో మొదటి వయొలిన్ మొదలుపెట్టదు. రెండోది మొదలుపెడుతుంది. కొంతసేపు అదొక్కటే నడిచాక, మొదటిది పైనుంచి వచ్చి కలుస్తుంది. ఇన్నేళ్లూ నేను ఆ పైనుంచి వచ్చేదాన్ని. కింద మొదలుపెట్టడం ఎలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు.

ఎర్ర బల్బు వెలిగింది.

మొదలుపెట్టాను. మూడో స్వరానికే నాలుగో వేలు ముడుచుకుంది. ముడుచుకోనిచ్చాను. మిగతా మూడూ వాటి పని అవి చేసుకుపోయాయి. ఎక్కడా తొందర పడలేదు. నా కింద బుచ్చిబాబు చెల్లో నడుస్తోంది, పక్కనే ఉండి చేయి అందిస్తున్నట్టు. అప్పుడు సుష్మిత వచ్చింది.

ఏమని రాయాలి? పైన ఎక్కడో ఒక స్వరం పట్టుకుని అలా నిలబడింది. నేను కింద నడుస్తున్నాను. అది దిగివస్తుంటే నేను ఎక్కుతున్నాను. దాటుకున్నాం, మళ్లీ దాటుకున్నాం. ఒకచోట ఎవరిది ఏ స్వరమో నాకు తెలియలేదు. దాన్ని నేను చూడలేదు. అదీ నన్ను చూడలేదు.

చివరి స్వరం కప్పు దాకా పోయి దిగింది. బల్బు ఆరేదాకా ఎవరం కదలలేదు. ఫ్లైఓవర్ మీద మొదటి బస్సు హారన్ ఆ తర్వాతే మోగింది. అత్తమ్మ శాలువాలోంచి నోరు బయటపెట్టి, ఆపుకున్న దగ్గంతా ఒక్కసారి దగ్గింది. అందరం నవ్వాం. భాను నవ్వలేదు. వయొలిన్ పెట్టెను గుండెకు పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

నర్సన్న వచ్చాడు. "అయిపోయిందమ్మా. ఒక్క టేకుల. ఇగ సామాన్ల కట్టుకోవచ్చు."

బుచ్చిబాబు విల్లు వదులు చేయబోయాడు.

"ఆగుండ్రి" అంది సుష్మిత. "ఇంకోసారి వాయిద్దాం."

"ఏమైంది?" అన్నాను. "ఎక్కడన్న తప్పు వోయిందా?"

"లేదక్కా. మస్తు మంచిగ వచ్చింది. గందుకే."

నర్సన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వుకుంటూ గదిలోకి పోయాడు. బుచ్చిబాబు చెల్లోను మోకాళ్ల మధ్యకు సర్దుకున్నాడు. బల్బు మళ్లీ ఎర్రగా వెలిగింది. అందరూ నా కోసం ఆగారు.

నేను మొదలుపెట్టాను.